లేసు కప్పుకున్న నటి

నరసాపురంలో మా వీధి ఆడవాళ్ళం నలుగురం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటి వరండాలో కూర్చుని లేసు అల్లుతాం. అందరిలోకీ పెద్ద మా అత్తగారు. ఏ ఆర్డరు వచ్చినా ఆవిడ నమూనా చూసి సరేనంటేనే మేం సూదులు పట్టుకుంటాం.

పోయిన వానాకాలంలో, మాకు ఆర్డర్లు తెచ్చే ఏజెంటు ఒక ఫొటో తెచ్చాడు. ఎప్పటిదో నలుపు తెలుపు ఫొటోని మామూలు కాగితం మీద ప్రింటు తీయించాడు. అందులో ఒక ఆడమనిషి భుజాల చుట్టూ కప్పుకుని నడుము దాకా వదిలిన లేసు వస్త్రం ఉంది. దాన్ని కేప్ అంటారని, అచ్చం అలాంటిదే కావాలని చెప్పాడు. ఫొటో మాత్రం గడ్డం కిందనుంచే ఉంది.

"మొహం ఏదండీ?" అంది పక్కింటి వదిన.

"మొహంతో మనకేం పనండీ? అల్లిక కనపడుతోంది కదా" అన్నాడు నేలచూపులు చూస్తూ. వచ్చినప్పుడల్లా కాఫీ అడిగి తాగే మనిషి ఆ రోజు ఇస్తానన్నా వద్దని వెళ్ళిపోయాడు.

మా అత్తగారు కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూశారు. "కత్తిరించారంటే దాచడానికే అమ్మాయ్. ఇది వేసుకుని ఏ పాడు ఫొటోలు తీసుకుంటారో, అవి ఎవరి ఫోన్లలో తేలతాయో! మన చేతుల్తో చేసిందని తెలిస్తే తల ఎక్కడ పెట్టుకుంటాం?"

నాకూ ఏదో తేడాగానే అనిపించింది. మర్నాడు వంటింట్లో నిలబడి ఆ ప్రింటుని ఫోన్లో ఫొటో తీసి ఇంటర్నెట్‌లో వెతికాను. క్షణంలో మొహం దొరికింది. హాలీవుడ్ తొలినాళ్ళ నటి. కళ్ళు సగం మూసి, ఒక పక్క పెదవితోనే నవ్వుతోంది. అంతలో వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది. "ఏం చూస్తున్నావ్?" ఉలిక్కిపడి ఫోను బోర్లా పెట్టేశాను. అదే నేను చేసిన తప్పు. ఏజెంటు మీద ఉన్న అనుమానం నా మీదకీ వచ్చింది. రెండు రోజులపాటు నేను ఫోను ముట్టుకుంటే చాలు, ఆవిడ ఏదో పని కల్పించుకుని అటే వచ్చేవారు.

మూడో రోజు వరండాలో అందరి ముందూ ఆ నటి గురించి నేను చదివిందంతా చెప్పేశాను. తల్లి పదిమంది ఇళ్ళ బట్టలు ఉతికేది. ఈవిడ చిన్నప్పుడే నాటకాల్లో చేరి, మాటల్లేని సినిమాల కాలంలో తెరకెక్కింది. మొగుణ్ణి వదిలి నవ్వుకుంటూ వెళ్ళిపోయే ఆడవాళ్ళ వేషాలు వేసింది. ఊళ్ళలో పెద్దమనుషులు ఆ సినిమాలు ఆపమని గోల చేస్తే, జనం ఇంకా ఎక్కువ వచ్చారు. చివరికి సినిమా కంపెనీయే భయపడి, భుజాలు కప్పుకుంటే తప్ప కెమెరా తిప్పేది లేదంది. కప్పుకుని వచ్చింది ఈవిడ, లేసుతో.

వదిన ఫక్కున నవ్వింది. అత్తగారు నవ్వలేదు.

"ఇదంతా ఆవిడ చెప్పిందా, ఆవిడ గురించి ఎవరో రాశారా?"

"ఎవరో రాసిందేనండీ."

"అయితే నమ్మడానికి లేదు. ఫొటో ఇలా ఇయ్యి."

కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్లో బొమ్మ పెద్దది చేయించుకుని, వేలితో వరస వెంట వరస లెక్కపెట్టారు. చేతుల మీద, ఎద మీద పువ్వులు దగ్గరదగ్గరగా, దట్టంగా ఉన్నాయి. సరిగ్గా భుజాల దగ్గరకు వచ్చేసరికి ఒక్క పువ్వూ లేదు, అన్నీ వెడల్పాటి కన్నాలే.

"తెలిసే చేయించుకుంది" అన్నారు చివరికి. "అల్లినామెకీ తెలుసు."

ఆ సాయంత్రమే ఏజెంటుని పిలిపించారు. "మొహం నువ్వే కత్తిరించావా బాబూ?"

అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "అవునండీ అమ్మగారూ. ఆ నవ్వు చూస్తే మీరు పని పట్టరేమోనని భయపడ్డానండీ. ఆవిడ జీవితం మీద విదేశంలో ఎవరో నాటకం వేస్తున్నారంటండీ. నాకు చెప్పింది అంతేనండీ."

"నిజంగా నాటకమేనా?"

"నేనైతే చూడలేదండీ" అన్నాడు. ఆ జవాబుకే మా అత్తగారు కాస్త మెత్తబడ్డారు. పూర్తి ఫొటో ప్రింటు తీయించి తెచ్చాకే మొదలుపెడతామన్నారు. మెడ దగ్గర ఎలా వాలిందో తెలియకపోతే కొలత కుదరదని కారణం చెప్పారు.

పని నెల దాటింది. అల్లుతున్నంతసేపూ ఆవిడ నన్ను ఆ నటి గురించి అడుగుతూనే ఉన్నారు. సినిమాల మీద కట్టుదిట్టాలు పెరిగాక వేషాలు తగ్గాయని, కంపెనీ ఆవిణ్ణి వదిలేసిందని, తర్వాత బట్టల దుకాణం పెట్టుకుందని చెప్పాను. ప్రతిదానికీ "నీకెలా తెలుసు?" అనేవారు. నేను చదివినవే ఒకదానికొకటి పొసగేవి కావు. పుట్టిన సంవత్సరమే మూడు రకాలుగా ఉంది.

ఆఖరి ముడి వేసిన రోజు అడిగారు. "పోయేటప్పుడు ఆవిడ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

ఒకచోట ఎవరూ లేరని రాశారు. ఇంకోచోట చెల్లెలు ఉందని రాశారు.

"చెల్లెలు ఉందట అత్తయ్యా."

"ఆ 'ట' ఏంటమ్మాయ్?"

నేను దారం కత్తిరిస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆవిడ తన పాత మెత్తటి చీర ఒకటి తెచ్చి, కేప్ నలగకుండా అందులో మడతపెట్టారు.