డబ్బాలో మడ్డి

నా చిన్నప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా వీధి మొత్తానికి ఒక్కటే కారు ఉండేది. పక్కింటివాళ్ల పాత అంబాసిడర్. ఆ ఇంటాయన్ని నేను పెదనాన్నగారు అనేదాన్ని, ఆయన మిరపకాయల వ్యాపారి. ఆయన బట్టలకి పట్టిన ఘాటుకి ఆ కారెక్కినవాళ్లంతా తుమ్మేవాళ్లు. దాని బాగోగులు చూసేది మా మావయ్య. అమ్మకి తమ్ముడు, మెకానిక్. పెళ్లి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. ఆదివారం వస్తే నన్ను సైకిలు మీద ఊరంతా తిప్పేవాడు. ఆ ఆదివారాలు నా సొంతం అనుకునేదాన్ని.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా పెదనాన్నగారి అమ్మాయి, మా పక్కింటి అక్క, కారు నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఎనభైల్లో మా వీధిలో ఆడపిల్ల కారు నడపడమంటే వింతే. వాళ్ల నాన్నగారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. నేర్పే పని మావయ్య మీద పడింది. ఇక ప్రతి ఆదివారం పొద్దున్నే వాళ్లు ఊరి బయట మిరప కల్లాల దాకా వెళ్లేవాళ్లు. నేను గేటు పట్టుకుని చూస్తూ ఉండిపోయేదాన్ని. మావయ్య బానెట్ ఎత్తి అక్కకి ఒక్కో భాగం చూపిస్తూ నవ్వుతుంటే నాకు కడుపు మండిపోయేది.

ఇంజను నుంచి వచ్చే ఒక గొట్టానికి మావయ్య చిన్న రేకు డబ్బా తగిలించాడు. లోపలి ఆవిరి, దాంతోపాటు వచ్చే నూనె తుంపర్లు అందులో పడేవి. అది చలికాలం. మామూలు రోజుల్లో కారు మిర్చి యార్డు దాకా వెళ్లి రావడమే కాబట్టి ఇంజను సరిగా వేడెక్కేది కాదు. తేమా నూనే కలిసి డబ్బాలో పాలెక్కువైన కాఫీలాంటి మడ్డి పేరుకునేది.

"డబ్బాలో ఉంటే భయం లేదమ్మా. ఇదే మడ్డి ఆయిల్ చూసే కడ్డీకి కనిపిస్తే మాత్రం ఇంజన్లోకి నీళ్లు దిగాయేమోనని చూసుకోవాలి," అని మావయ్య అక్కకి చెప్పడం గేటు దగ్గర నుంచి విన్నాను.

ఆ శనివారం సాయంత్రం కారు కడిగి, బానెట్ ఎత్తి ఆరబెట్టారు. చుట్టూ ఎవరూ లేరు. డబ్బా మూత తీసి, వేలితో ఆ మడ్డి తీసి, ఆయిల్ కడ్డీ బయటికి లాగి దానికి పూసి, మళ్లీ లోపల పెట్టేశాను.

మర్నాడు పెదనాన్నగారే కడ్డీ లాగి చూశారు. వీధంతా వినిపించేలా అరిచారు. "ఆడపిల్ల చేతికిస్తే ఇంతే! ఇక నువ్వు స్టీరింగు ముట్టుకోవద్దు!" అక్క ఏడుస్తూ లోపలికి పోయింది.

మావయ్య కడ్డీ తుడిచి మళ్లీ ముంచి తీశాడు. శుభ్రంగా ఉంది. ఇంకోసారి ముంచాడు. అప్పుడూ అంతే. తల తిప్పి నా వైపు చూశాడు. నిన్నటి నుంచి మార్చని నా పావడా అంచుకి మడ్డి మరక ఉంది.

"పొరపాటు నాదేనండి," అన్నాడు. "డబ్బా ముట్టుకున్న చేత్తోనే కడ్డీ పట్టుకుని ఉంటాను. ఇంజనుకేం కాలేదు. అమ్మాయి తప్పు లేదు."

"ఇంత అజాగ్రత్త అయితే ఎలాగయ్యా? ఇక నా కారు జోలికి రావద్దు. దానికి నేర్పడానికి ఇంకో డ్రైవర్ని చూసుకుంటాను," అన్నారాయన.

మావయ్య ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో నా పావడా తుడిచాడు. కోప్పడలేదు. "అక్కకి నేను చెప్పనే. చెప్పాల్సింది నువ్వు," అని మాత్రం అన్నాడు. నేను కోరుకున్నట్టే ఆదివారాలు నాకు తిరిగొచ్చాయి. కానీ ఆ రోజు అన్నం సహించలేదు, సైకిలెక్కబుద్ధి కాలేదు.

నాలుగు రోజులు తాత్సారం చేసి, చివరికి అక్కకి చెప్పేశాను. "నేనూ వస్తానని అడగొచ్చు కదే. వెనక సీటంతా ఖాళీయేగా!" అంది అక్క.

తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు మరి.

తనే చెయ్యి పట్టుకుని వాళ్ల నాన్నగారి ముందుకి తీసుకెళ్లింది. అంతా చెప్పాను. ఆయన చెప్పులేసుకుని మా ఇంటికొచ్చి మావయ్యని మళ్లీ రమ్మని పిలిచారు. అక్క పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. నాతో మాత్రం అక్క నెలరోజులు ముభావంగానే ఉంది.

ఇప్పటికీ ఎవరినో చూసి కడుపు మండటం నాకు పూర్తిగా పోలేదు. అలా అనిపించినప్పుడల్లా, సిగ్గేసినా సరే, నేరుగా వెళ్లి "నేనూ రానా?" అని అడుగుతాను. కొందరు కాదన్నారు. చాలామంది పక్కకి జరిగి చోటిచ్చారు.