డబ్బాకి ఆవిరి పట్టించిన మా వదిన

మా వదిన గురించి ఎవరైనా చెడ్డగా మాట్లాడితే ఊరుకోను. ఆ హక్కు నా ఒక్కడిదే. పాతికేళ్లుగా ఆమె చేత తిట్లు తింటున్నవాణ్ణి మరి. ఇరవై అంతస్తుల టవర్లు నాలుగు లేస్తున్న సైటులో నేను టైల్స్ కోస్తాను, ఆవిడ నీళ్లు చల్లి దుమ్ము అణుస్తుంది. సైటంతా ఆమెను వానక్క అంటుంది. నేనూ అలాగే అందునుగానీ, ఇంట్లో అన్నం పుట్టదు.

అసలు ఆవిడ ఈ పనిలోకి వచ్చిందే కోపంతో. మా అన్నయ్య ఇక్కడ నీళ్ల ట్యాంకరు డ్రైవరు. ఆరేళ్ల కిందట ఒకరోజు క్యారేజీ మర్చిపోయి వస్తే, ఇవ్వడానికి వచ్చింది. గేటు దగ్గర ఒకతను పైపు పట్టుకుని మట్టిరోడ్డు మీద ధారగా నీళ్లు వదిలేస్తున్నాడు. ఒక పక్క మోకాలి లోతు బురద, ఇంకో పక్క కళ్లు తెరవనివ్వని దుమ్ము. మా వదినకి ఒళ్లు మండింది.

"ఏమయ్యా, రోడ్డుకి స్నానం చేయిస్తున్నావా? ఇలా తే!" అని క్యారేజీ అతని చేతిలో పెట్టి పైపు లాక్కుంది. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, వాకిట్లో చల్లినట్టు పలచగా చల్లుకుంటూ ఆ చివరిదాకా వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఇంజినీరుగారు నిలబడి ఉన్నారు. మర్నాటినుంచి ఉద్యోగం. అన్నయ్య మాత్రం ఆ రోజు పస్తు. క్యారేజీ పట్టుకున్నవాడు దాన్ని ఖాళీ చేసేశాడు.

"దుమ్ము లేచాక నీళ్లు కొట్టడం ఎవడైనా చేస్తాడు, లేవకముందే కొట్టాలి" అంటుంది. మట్టి గుప్పెట్లో పట్టి నొక్కుతుంది. ఉండ కట్టాలి, నీరు కారకూడదు. ఇసక కుప్పల మీద పట్టా లేకపోతే మేస్త్రీకి మూడినట్టే. చక్రాలు కడగనిదే ఏ లారీనీ రోడ్డెక్కనివ్వదు. పైఅంతస్తుల నుంచి ఎవడైనా చెత్త విసిరితే కింద నిలబడి వాడి ఏడు తరాలనూ పలకరిస్తుంది. ఇంతా చేసి, తన పని బాగుందో లేదో చూసుకునేది ఎక్కడనుకున్నారు? పక్క అపార్టుమెంటు బాల్కనీల్లో ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద. సాయంత్రానికీ అవి తెల్లగా ఉంటే ఆవిడ మొహం వెలిగిపోతుంది.

ఈ మధ్య గేటు పక్కన మనిషి ఎత్తు గుంజకి ఒక తెల్ల డబ్బా బిగించారు. గాల్లో దుమ్మెంతో అంకెల్లో చూపిస్తుంది. నూరు దాటితే నోటీసు. వరసగా మూడు రోజులు దాటితే తనిఖీ ఆఫీసువాళ్లు వచ్చి నెల రోజులు సైటు మూసేస్తారు. మొదటి రోజు గేటు పక్కనే సిమెంటు బస్తాలు దింపారు, అంకె నూట నలభై. అందరూ వదిన వైపే చూశారు. ఇంజినీరుగారు పెద్ద ఫ్యానులాంటి మిషను తెప్పించారు. పొగమంచులా సన్నటి తుంపర ఎగజిమ్ముతుంది అది. డబ్బాకి దగ్గరగా పెడితే అంకె తగ్గుతుందని సరిగ్గా దాని పక్కనే పెట్టించారు. రెండో రోజు అంకె రెండు వందలు. "ఇంకా జోరు పెంచండి" అన్నారు.

ఆ సాయంత్రం ఆయన ఇబ్బందిగా, "అక్కా, రేపు కూడా ఇలాగే ఉంటే సైటు మూతే. దుమ్ము పని మీది కాబట్టి ముందు మీ మీదికే వస్తుంది. మిమ్మల్ని పనిలోంచి తీసేయమంటారు" అన్నారు.

వదిన ఇంటికొచ్చి నా మీద పడింది. "ఏరా, నువ్వు కూడా బ్లేడు మీద నీళ్లు పారించుకుని కొయ్యకూడదూ?"

"వదినా, డబ్బా ఉన్నది గేటు దగ్గర. నా షెడ్డు ఎక్కడో వెనక. తడిగా కోస్తే బురద, పని సగమవుతుంది. నా జోలికి రాకు" అన్నాను. ఒక దగ్గు దగ్గి కంచం ముందేసుకున్నాను.

మూడో రోజు ఆవిడ పొద్దున్నుంచీ డబ్బా ముందే కాపు కాసింది. మధ్యాహ్నం భోజనాల వేళ మిషను ఆపారు. అప్పుడే ఆరు లారీలు వరసగా వచ్చి కాస్త దుమ్ము లేపాయి కూడా. అంకె చూస్తే యాభై ఎనిమిది! భోజనాలయ్యి మిషను పెట్టగానే రెండు వందల ముప్ఫై. వదిన పరుగున వెళ్లి ఇంజినీరుగారికి చెప్పింది. "అక్కా, దుమ్ము తగ్గించే మిషను దుమ్ము పెంచుతుందా?" అని ఆయన నవ్వేశారు.

మూడింటికి తనిఖీ మేడమ్ రానే వచ్చారు, చేతిలో మూసివేత కాగితంతో. ఇంజినీరుగారి మొహంలో నెత్తురు లేదు. టవర్లలో పని ఆపి అందరం గేటు దగ్గర పోగయ్యాం.

"మేడమ్, ఒక్క నిమిషం. ముందు ఆ మిషను ఆపించండి" అంది వదిన. ఆపారు. అంకె మెల్లగా అరవైకి దిగింది. దిగీ దిగగానే వదిన గేటు అవతల ఉన్న టీ కొట్టాయన దగ్గరికి వెళ్లి, పొగలు కక్కుతున్న కెటిల్ లాక్కొచ్చి, మూత తీసి డబ్బా కింద పట్టింది. జలుబు చేసిన పిల్లకి ఆవిరి పట్టించినట్టే!

తొంభై. రెండు వందల నలభై. నాలుగు వందల పది.

"మేడమ్, టీలో దుమ్ముందంటారా?"

"నా వ్యాపారం చెడగొట్టకు వానక్కా!" అని టీ కొట్టాయన లబోదిబోమన్నాడు. మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. "ఈ డబ్బాకి నీటి తుంపర అయినా, దుమ్ము అయినా ఒకటేనమ్మా. అన్నీ కలిపి లెక్కేస్తుంది. అసలు మిషను ఇంత దగ్గర ఎవరు పెట్టమన్నారు?" ఇంజినీరుగారు ఆకాశంలో ఏదో వెతుక్కున్నారు.

మూసివేత కాగితం మేడమ్ బ్యాగులోకి వెళ్లిపోయింది. సైటంతా ఈలలు, చప్పట్లు. నేనైతే పక్కవాడి వీపు మోగించేశాను. "వచ్చాను కదా, ఎక్కడెంతుందో సైటంతా చూసే వెళ్తాను" అని మేడమ్ తన చేతి మీటరు తీశారు. వదిన ముందు నడిచి పెళ్లి పెద్దలా అన్నీ చూపించింది. ఇసక కుప్పల దగ్గర డెబ్బై. లారీల దారిలో అరవై ఐదు. అలా నా షెడ్డుకొచ్చారు, వెనకే నేనూ. అప్పటికే పనిలోకి తిరిగొచ్చిన నా అసిస్టెంటు పొడిగానే కోస్తున్నాడు.

ఆరు వందల ఎనభై.

"ఇక్కడ కూడా ఎవరో టీ కాస్తున్నట్టున్నారు మేడమ్" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

వదిన తిడుతుందని చూశాను. తిట్టలేదు. నా కనుబొమల మీద, మీసాల మీద తెల్లగా పేరుకున్న పొడి వైపు అలా చూస్తూ నిలబడిపోయింది. తర్వాత కొంగు తడిపి, అందరి ముందూ నా మొహం తుడిచింది.

"రాత్రుళ్లు దగ్గుతుంటే జలుబన్నావు. నేను నమ్మానురా. ఊరి వాళ్ల దుప్పట్లు చూసుకున్నాను గానీ నీ మొహం చూసుకోలేదు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆవిడే పైపు లాక్కొచ్చింది. నేను దాన్ని బ్లేడు మీద నీళ్లు పడేలా బిగించి, ఒక టైలు పెట్టి కోశాను. బురద నా కాళ్ల మీదికి కారింది. నా కళ్లు తడిశాయి. కంట్లో నలుసు పడిందని చెబుదామనుకున్నాను గానీ, మీటరు మీద అంకె అప్పటికే తొంభైకి పడిపోయింది.