అమ్మవారికంటే ముందు

నాకు షుగర్ పడిపోయేటప్పుడు ముందుగా వచ్చేది వణుకు కాదు, కోపం. ఏడో తరగతిలో ఉండగా టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది. అప్పటినుంచి ఇన్సులిన్ సూదితోనే సావాసం. సూది వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ జారిపోతుంది, వెంటనే తీపి పడకపోతే స్పృహ తప్పుతాను. మా ఆయనకిది బాగా తెలుసు. నేను గొంతు పెంచితే చాలు, గ్లూకోజు కలిపిన గ్లాసుతో ఎదురుగా నిలబడతాడు. నిజంగానే ఒళ్ళు మండి తిట్టిన రోజుల్లో కూడా అంతే. పలాసలో కాపురం పెట్టాక ఒక్క తగువైనా సవ్యంగా పూర్తి చేసుకోనివ్వలేదు.

మా అత్తగారి లెక్క వేరు. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య ఊరు ఆవిడది. షుగరున్న మనిషికి తీపి విషం, అంతే. పెళ్ళైన కొత్తలోనే బెల్లం డబ్బా అటకెక్కింది. నేను వెళ్ళిన ప్రతిసారీ నాకు చప్పటి టీ వేరే గిన్నెలో కాచి, తాగేదాకా పక్కనే కూర్చునేది. షుగర్ పడిపోవడం కూడా ఉంటుందని చెప్పబోతే, తీపి మీద యావతో కోడలు అల్లిన కథన్నట్టు నవ్వేది. నాకు కోపమొస్తే తీపి పెట్టమని కొడుకు చెప్పినా వేళాకోళమే అనుకుంది.

ఓ ఏడు అక్కడ అమ్మవారి సంబరానికి వెళ్ళాం. నైవేద్యం గుడికి చేరేదాకా ఆ ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. పెందలాడే అయిపోతుందని అత్తగారు భరోసా ఇస్తే, నమ్మి సూది వేసేసుకున్నాను. పరమాన్నం ఉడికింది. కానీ డప్పులు మా గుమ్మంలోకి వస్తేనే నైవేద్యం కదలాలి. ఆ డప్పులేమో అవతలి వీధి వదిలి రావడం లేదు.

ఒంట్లో తేడా తెలిసి నా బ్యాగు వెతికితే చాక్లెట్లు లేవు. ముందురోజు దువ్వెన కోసం బ్యాగు తెరిచిన అత్తగారు వాటిని చూసి, వీధి పిల్లలకి పంచిపెట్టేసిందట. కోడల్ని కాపాడుకున్నానన్న తృప్తితో హాయిగా నిద్రపోయింది కూడా. మా ఆయన పూలూ పళ్ళూ తేవడానికి పలాస వెళ్ళాడు.

నుదుటి నిండా చెమట. పెదవులు తిమ్మిరెక్కాయి. ఎదురుగా గిన్నెలో బెల్లం పరమాన్నం, పైన మా తోట జీడిపప్పు. అమ్మవారికి పెట్టకముందు వాసనైనా చూడకూడదనే ఇంట్లో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. కాసేపటికి బుర్ర ఆగిపోయింది, నోరు మాత్రం బయల్దేరింది. పచ్చడికి కొబ్బరి కోరుతున్న అత్తగారి మీద విరుచుకుపడ్డాను. అదేం కోరడమని, చిప్ప తొక్కంతా పడుతోందని, ఇన్నేళ్ళొచ్చినా ఎవరూ నేర్పలేదా అని అరిచాను. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ కొబ్బరి తోటల్లో. నేను టెక్కలి బజారులో కాయ కొనుక్కుని పెరిగినదాన్ని.

ఆవిడ కోరడం ఆపింది. అంతకుముందు నేనెప్పుడూ ఆవిడ దగ్గర గొంతెత్తలేదు. తిరిగి తిడుతుందనుకున్నాను. నా ముఖంలోకి చూసి, వణుకుతున్న నా చెయ్యి పట్టుకుంది.

"కోపమొత్తే తీపెట్టమన్నాడు మావోడు," అని తనలో తనే అనుకుంది.

చటుక్కున లేచి గిన్నె మూత తీసి, పరమాన్నం గరిటెతో పళ్ళెంలో వేసి, ఊది నా నోటి దగ్గర పెట్టింది. అమ్మవారికి పెట్టనిదే వద్దని తల తిప్పేశాను. ఆవిడ నా గడ్డం పట్టుకుంది.

"అమ్మోరితో నాను సెప్పుకుంతాను. ముందు నువ్వు మింగు."

ముద్ద వెంట ముద్ద పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, అది మాత్రం షుగర్ వల్ల కాదు. తేరుకుని, మీటరులో చూసుకుని, ఇక ఫరవాలేదని చెప్పాక ఆవిడ గోడకి జారగిలబడింది. నా బ్యాగు జోలికి ఇంకెప్పుడూ రానని తనే అంది. తర్వాత మళ్ళీ తలస్నానం చేసి, గిన్నె తోమి, కొత్తగా బియ్యం కడిగింది. డప్పులు తీరా అప్పుడొచ్చాయి. ఈసారి అవే మా కోసం ఆగాయి.

గుడి దగ్గర పొరుగావిడ, మీ ఇంటి నైవేద్యం ఇంత ఆలస్యమైందేమిటని అడిగింది. నేను తల వంచుకున్నాను.

"మా ఇంట్లోనూ ఒక అమ్మోరుంది కదా," అంది మా అత్తగారు. "దానికి ముందు కోపమొచ్చీసింది. దానికెట్టి వత్తన్నాం."