బెల్టు విప్పి దిగిన మనిషి

మా ఎదురు పోలీసు లైనులో ఉండే హెడ్ కానిస్టేబుల్ గారు స్వర్ణముఖిలో కొట్టుకుపోయారన్న కబురు నాకు బడిలో అందింది. పిల్లల చేత పద్యం వల్లె వేయిస్తున్నాను. ఆయా తలుపు దగ్గర నిలబడి, "పంతులమ్మా, మీ ఎదురింటి హెడ్డు పోయినాడంట. ఏట్లో" అంది. "ఆ ఏట్లో నీళ్ళెక్కడివి?" అన్నాను. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనబడని ఏరది. మనిషి పోయాడంటే నా నోట ముందు వచ్చింది ఈ ప్రశ్న. ఆ తర్వాత ఎంతమందిని ఎన్ని ప్రశ్నలు అడిగానో! ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు.

వీధిలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ హెడ్డే. ఆయన అరుగూ మా అరుగూ ఎదురెదురు. పొద్దున నేను ముగ్గు వేసే వేళకు ఆయన పటీసులు చుట్టుకుంటూ ఉండేవారు. చీలమండ నుంచి మోకాలి దాకా పోలీసులు చుట్టుకునే ఖాకీ ఉన్ని పట్టీలు అవి. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక వాటిని విప్పి, ఒక కొసను కాలి బొటనవేలి సందున బిగించి, సాగదీస్తూ చుట్ట చుట్టేవారు. ఎక్కడైనా ముడత పడితే విప్పి మళ్ళీ మొదటి నుంచి.

"ఈ ఎండల్లో ఉన్ని ఏమిటండీ?" అని ఒకసారి అడిగాను.

"మంచు కురిసే దేశపు దొర కట్టమన్నాడు పంతులమ్మా. ఆయన్నే అడగల్ల."

స్వరాజ్యం వచ్చాక మళ్ళీ అడిగాను, దొరలు పోయారు కదా, ఇంకా ఎందుకని. "దొర ఓడెక్కినాడు. ఇవి మాత్రం ఈడనే మర్సిపోయినాడు. నా కాళ్ళకు తగులుకున్నాయి" అని నవ్వారు. పటీసు ఎలా చుట్టాలో కొత్త కానిస్టేబుళ్ళకు నేర్పేటప్పుడు, "బిగిస్తే కాలు తిమ్మిరి, వదిలేస్తే అధికారి తిట్లు. మజ్జెలో ఉండల్ల నాయనా, మన బతుకే అంత" అనేవారు.

ఆయన గురించి మంచి మాత్రమే రాయడం నాకు చేతకాదు. నలభై రెండులో ఊరేగింపు మీద లాఠీలు ఆడించిన రోజున నా తమ్ముణ్ణి కొట్టింది ఆయనే. ఆ సాయంత్రమే మా అరుగు కింద నిలబడి, ఎవరూ అడక్కుండానే చెప్పారు.

"మీ తమ్ముణ్ణి కొట్టింది నేనే పంతులమ్మా. మోకాలి కింద సూసి కొట్టినాను. పక్కోడి లాఠీ పిల్లోడి తల మీదికి వస్తా ఉన్నింది."

మా అమ్మ లోపలి నుంచి, "నీ చెయ్యి పడిపోను!" అని అరిచింది.

"పడిపోతే మంచిదే పెద్దమ్మా. రేపు డ్యూటీ తప్పుతాది."

నాకు నవ్వూ రాలేదు, కోపమూ నిలవలేదు. మోకాలి కింద చూసి కొట్టడం దయేనా? అసలు కొట్టకపోవడం కదా దయ? మద్రాసులో చదివి వచ్చిన చదువు ఈ లెక్క తేల్చలేకపోయింది. తమ్ముడికి ఇప్పటికీ వాన ముసురు పడితే ఆ కాలు లాగుతుంది.

హెడ్డు గారు పోయిన కార్తీకంలో కూడా ముసురే. ఆయన చంద్రగిరి సంతలో బందోబస్తు చూసుకుని నడిచి వస్తున్నారు. అరవ దేశం యాత్రికుల బండి ఒకటి ఏరు దాటుతుండగా కొండల మీది నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. ఆ వెనక బండి తోలిన ముసలాయన తర్వాత మా అరుగు మీద కూర్చుని అంతా చెప్పాడు.

"నా పగ్గం ఇచ్చినాను తల్లీ. పొడుగు సాలలే. హెడ్డు తలపాగా దించినాడు, బెల్టు ఇప్పినాడు, నా చేతిలో పెట్టినాడు. 'సర్కారు సొత్తబ్బా, పోగొట్టినావంటే నిన్నే లోపలేస్తా' అన్నాడు. నగినాడు గూడా. మళ్ళ కాళ్ళవి రెండూ ఇప్పి, ముడేసి, పగ్గం కొసకు కట్టినాడు. ఒక్కొక్కరినే పట్టించి ఒడ్డుకు తోసినాడు. కడాకు ఒక ముసిలామె. ఆమె చేతికి కొస చుట్టినాడు. ఇంక తాను పట్టుకునేదానికి ఏం మిగల్లే."

బండిలోని వాళ్ళందరూ బతికారు. ఆయన మరునాడు చాలా దిగువన దొరికారు.

డ్యూటీలో పోయినట్టు రాస్తేనే ఆయన భార్యకు పింఛను. లేకపోతే అదీ లేదు, నెలాఖరుకు లైను ఇల్లు కూడా ఖాళీ చేయాలి. ఆమె నా దగ్గరికి వచ్చి, "నువ్వు ఇంగ్లీసులో రాస్తే వింటారంట అక్కా" అంది. రాశాను. అర్జీ తిరిగి వచ్చింది. మళ్ళీ రాశాను. చివరికి ఆమెను వెంటబెట్టుకుని చిత్తూరు వెళ్ళాను. అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. నా ఇంగ్లీషు చాలా బాగుందన్నాడు.

"కానీ బెల్టు విప్పాడంటే డ్యూటీ దిగినట్టేనమ్మా. తలపాగా లేదు, బెల్టు లేదు, పటీసులు లేవు. ఈతకు దిగిన మనిషికీ ఆయనకూ తేడా ఏమని రాయమంటారు?"

"అవన్నీ వేసుకుని దిగితే మునిగిపోడా అండీ?"

"ఎట్లాగూ మునిగాడు కదమ్మా" అన్నాడు. ఎకసెక్కంగా కాదు, నిజంగానే అన్నాడు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

దేశం కోసం పోయిన ఈ చుట్టుపక్కల వాళ్ళ పేర్లతో బజారులో రాతి స్తంభం నిలబెడుతున్నారు. ఆ కమిటీలో నా తమ్ముడు ఉన్నాడు. సర్కారు కాదన్నా ఊరైనా ఔనంటుందేమో, ఆ మాట పట్టుకుని మళ్ళీ అర్జీ పెట్టవచ్చునని ఆశపడ్డాను.

"ఆ రాయి మీద ఆయన పేరా? ఏం మాటలక్కా ఇవి!"

"జనాన్ని ఒడ్డుకు చేర్చి పోయినాడు కదరా."

"కాదన్నానా? అయినా, నన్ను కొట్టినోడి పేరు నేనే సెక్కిస్తే జనం నగరా?"

"ఏట్లోకి దిగేటప్పుడు తలపాగా లేదు, బెల్టూ లేదు."

"బెల్టు తీసేస్తే పోలీసోడు కాకుండా పోతాడా?"

ఈ మాట చిత్తూరు వెళ్ళి ఆ అధికారితో చెప్పరా నాయనా, అనాలనిపించింది. వాడి కాలు నాకు తెలుసు. వాడిదీ తప్పని గట్టిగా అనలేను. కానీ ఇదేం న్యాయం? ఆఫీసుకు ఆయన పోలీసు కాడు, ఊరికి ఆయన పోలీసు మాత్రమే. మధ్యలో ఒక ఆడమనిషి సామాన్లు సర్దుకుంటోంది.

ఆయన్ను తలుచుకుందామని కూర్చుని అందరినీ తిట్టిపోస్తున్నానేమో. తిట్టడం ఆపితే ఆయన అరుగు గుర్తుకొస్తుంది. అది ఇంకా కష్టంగా ఉంది.

మొన్న స్టేషను నుంచి ఒక కానిస్టేబుల్ హెడ్డు గారి భార్య దగ్గరికి వచ్చాడు. హెడ్డు గారి దగ్గర పని నేర్చుకున్నవాడే. తల దించుకుని, "తలపాగా, బెల్టు వచ్చినాయి వదినా. పటీసులు రాలేదంట. అప్పజెప్పమంటా ఉండారు" అన్నాడు.

"ఏట్లో యాడున్నాయో పోయి ఎతుక్కో పో!" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన పోయాక ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి.

సంగతి చెవిన పడి, బండి ముసలాయన నిన్న పొద్దున వాటిని తెచ్చాడు. ఆ రోజు కంగారులో పగ్గంతో పాటు బండి అడుగున గడ్డిలో పడి ఉండిపోయాయట. రెండూ ఇంకా కలిసే ఉన్నాయి. తడిసి ఎండిన ముడి రాయిలా బిగుసుకుపోయింది. నేను గోళ్ళతో లాగి చూశాను, కదల్లేదు. "ఉండు, లోపలికి పోయి సూది తెస్తా" అన్నాను.

"వద్దక్కా." ఆమె వాటిని నా చేతిలో నుంచి తీసుకుంది. "ఇప్పను. ఇట్లనే ఇస్తా. ఎందుకు ముడేసినాడో వాళ్ళే సూసి రాసుకోనీ."

అలా ఇస్తే ఎవరైనా చూస్తారో లేదో నాకు తెలియదు. ఆమె వెళ్ళి ఆయన కూర్చునే చోటనే అరుగు మీద కూర్చుంది. ఒక కొసను కాలి బొటనవేలి సందున బిగించి, సాగదీసి, చుట్టడం మొదలుపెట్టింది. ఏటి మట్టి పొడిపొడిగా రాలుతోంది. నడుమ ముడి వచ్చిన చోట చుట్ట ఎత్తుగా లేచింది. దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి, అడుగున ముడత పడిందని మొత్తం విప్పి, మళ్ళీ మొదటి నుంచి చుట్టసాగింది.