ఇంకా మాగాలి

ఓర్విల్ స్ట్రెంక్ తన జన్మలో దేన్నీ బాగుందని ఒప్పుకున్న పాపాన పోలేదు. ముందు వాసన చూస్తాడు. తర్వాత తల పక్కకు వాల్చి కళ్ళు మూసుకుంటాడు. మనం ఊపిరి బిగబట్టి నిలబడితే చివరికి ఒకే ఒక్క మాట: "ఇంకా మాగాలి." నా బారులో కొత్త బీరు, చర్చికొచ్చిన కొత్త పాస్టరు, మా బారుకొచ్చే ఎమిల్‌కు పుట్టిన మనవడు, అందరికీ అదే తీర్పు. మనవడి విషయంలో మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

మా విస్కాన్సిన్‌లో నలభై ఏళ్ళు చీజ్ రుచి చూసి గ్రేడు వేసే ఉద్యోగం చేశాడు ఓర్విల్. చీజ్ దిమ్మలో గుచ్చి లోపలి ముక్క లాగడానికి వాళ్ళకో బోలు కడ్డీ ఉంటుంది. రిటైరయ్యాక కూడా అది అతని చొక్కా జేబులోనే. ఎమిల్ కూతురి పెళ్ళిలో ఎవరూ కత్తి పెట్టకముందే, మూడంతస్తుల కేకులోకి ఆ కడ్డీ దింపాడు మహానుభావుడు. ముక్క లాగి, వాసన చూసి, పెళ్ళికూతురి ఎదుటే అనేశాడు. ఏమన్నాడో మీకు తెలుసు.

అలాంటివాడికి మా అమెరికా ఫుట్‌బాల్ పిచ్చి పడితే ఇంకేముంది! మా బారులో టీవీ ముందు పది కుర్చీల పొడుగు బల్ల ఉంది. ఆ పదిమందికీ తలా ఒక ఉత్తుత్తి జట్టు. ఆగస్టులో నిజం ఆటగాళ్ళను కాగితం మీద వంతులవారీగా పంచుకుంటారు. ఆదివారం మైదానంలో వాళ్ళెంత బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకు అన్ని పాయింట్లు. అందరిలోకీ ముఖ్యుడు రిసీవరు, అంటే దూరంగా పరుగెత్తి, విసిరిన బంతిని అందుకునేవాడు. పట్టిన ప్రతి బంతికీ ఒక పాయింటు, గెలిచిన ప్రతి పది గజాలకూ ఒకటి, బంతితో చివరి గీత దాటితే ఆరు.

ఓర్విల్ కన్నంతా రిసీవర్ల మీదే. టీవీకి ముక్కు ఆనించి మరీ చూసేవాడు.

"ఓర్విల్, టీవీలోంచి వాసన రాదయ్యా బాబూ!" అనేదాన్ని.

"నీకు రాదు, లవోన్," అనేవాడు తల తిప్పకుండానే.

తర్వాత నోట్‌బుక్ తీసి రాసుకునేవాడు. "పరుగు మెత్తన. మలుపులో కాస్త పొడి. ఎడమ మోకాలు పులుపు." కింద గీత గీసి, మామూలు తీర్పు. పోనీ అలాంటి ఆటగాణ్ణి జట్టులోంచి వదిలేస్తాడా అంటే, వదలడు. "మాగుతాడులే, ఆగు" అంటూ ఏళ్ళ తరబడి పట్టుకు కూర్చుంటాడు. ఒకడు ఆట మానేసి కార్ల షోరూము పెట్టుకున్నాక కూడా మూడు వారాలు ఈయన జట్టులోనే ఉన్నాడు. అందుకే పందొమ్మిదేళ్ళలో ఏడో స్థానం దాటి పైకి రాలేదు.

పోయిన సీజన్‌లో ఏకంగా అడుక్కి చేరాడు. అక్కడ తోడుగా ఆర్డిస్ టోలెఫ్‌సన్ ఉంది. ఆమె మొగుడు లైల్ చీజ్ తయారీదారు, మా బల్ల దగ్గర పాతకాపు. ఆగస్టులో ఆటగాళ్ళను ఎంచుకున్నాడు, సెప్టెంబరులో పోయాడు. ఆ తర్వాతి ఆదివారం ఆర్డిస్ వచ్చి, కోటు విప్పి, అతని కుర్చీలో కూర్చుంది. "నాకు ఆట తెలీదు. కానీ ఆదివారం ఇంట్లో గడియారం చప్పుడు వినలేకపోతున్నాను," అంది. ఆ రోజు నుంచి లైల్ జట్టు ఆమెదే.

మా బల్లకో కట్టుబాటు ఉంది. చివర వచ్చినవాళ్ళు కుర్చీ ఖాళీ చెయ్యాలి. వరసలో ముందున్నవాళ్ళు ఎక్కాలి. దిగినవాళ్ళు మళ్ళీ వరస చివరికి, అంటే ఆరేళ్ళు ఆగాలి. ఓర్విల్‌కు డెబ్భై నాలుగు. ఆర్డిస్‌కు డెబ్భై ఒకటి. ఈసారి వరసలో మొదటి పేరు నాది. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ కోసం కాచుక్కూర్చున్నదాన్నే, ఇప్పుడెందుకు పేరు రాయించుకున్నానా అని లోలోపల తిట్టుకున్నాను.

ఖర్మ కాలి, ఆఖరి ఆదివారం వాళ్ళిద్దరికే పోటీ పడింది. ఓడినవాళ్ళు లేవాలి.

మధ్యాహ్నం ఆటలయ్యేసరికి ఓర్విల్ మనుషులందరి ఆటా ముగిసింది. ఆర్డిస్ పదమూడు పాయింట్లు వెనకబడి ఉంది. ఆమెకు ఒక్క రిసీవరు చోటు మిగిలింది. ఆ చోటుకు ఇద్దరున్నారు, ఇద్దరూ ఒకే జట్టువాళ్ళు, మూడున్నరకు మొదలయ్యే ఆటలో దిగుతారు. ఎవర్ని పెట్టాలో ఈలోగా చెప్పాలి.

"హాల్వర్సన్‌ను పెట్టమ్మా," అన్నాడు ఎమిల్. "నమ్మకస్తుడు. మొన్న పదిహేను తెచ్చాడు."

"మరి బ్రేషర్?"

"రెండు వారాల్లో ఆరు బంతులు జారవిడిచాడు. వాడి ఊసెత్తకు."

"వాడి చేతికి నేనైతే గాజు గ్లాసు కూడా ఇవ్వను," అన్నాను నేను.

ఆర్డిస్ అందరి మాటా విని, బల్ల అవతలి కొసకు తిరిగింది. "ఓర్విల్, నువ్వు చెప్పు. బ్రేషర్ పనికొస్తాడా?"

"నీకేమైనా పిచ్చా ఆర్డిస్?" ఎమిల్ కుర్చీలోంచి లేచాడు. "అతను ఆడుతోంది నీ మీదేనమ్మా!"

"తెలుసు. చెప్పు ఓర్విల్."

ఓర్విల్ లేచి టీవీ దగ్గరికెళ్ళి ముక్కు ఆనించాడు. తెర మీద ఆటగాళ్ళు ఒళ్ళు వేడి చేసుకుంటున్నారు. బ్రేషర్ కనబడినప్పుడల్లా కడ్డీతో చూపిస్తూ, గొణుక్కుంటూ నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. తల పక్కకు వాల్చాడు, కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. అవతల గడియారం మూడూ ఇరవై దాటింది.

"మాగాడు," అన్నాడు. "బ్రేషర్‌నే పెట్టు."

పందొమ్మిదేళ్ళలో ఆ నోట రాని మాట! అదీ ఇవాళే, తన కుర్చీకి ఎసరొచ్చిన రోజే వచ్చింది. ఆర్డిస్ మారుమాట లేకుండా బ్రేషర్ పేరు రాసేసింది. నేను వేయించిన వేడి చీజ్ ముక్కల పళ్ళెం అతని ముందు నుంచి లాగేసినంత పని చేశాను.

"సిగ్గుందా నీకు?" అన్నాను చెవి దగ్గర. "కుర్చీ కోసం మొగుడు పోయినదాన్ని ముంచుతావా?"

"కాస్త ఉప్పు తెస్తావా, లవోన్?" అన్నాడు.

ఆట మొదలైంది. బ్రేషర్‌కు వచ్చిన మొదటి బంతి వేళ్ళకు తగిలి కింద పడింది. రెండోదీ అంతే. హాల్వర్సన్ మాత్రం చక్కగా పట్టుకుంటూ పోతున్నాడు. సగం ఆటకే తొమ్మిది పాయింట్లు. బ్రేషర్‌వి సున్నా. ఆర్డిస్ చేతుల్లో లైల్ టోపీ ఉంది, దాని అంచు నలుపుతూ కూర్చుంది. నేను ఉప్పు సీసా తెచ్చి ఓర్విల్ ముందు దభాలున పెట్టాను.

మూడో భాగంలో బ్రేషర్ ఒకటి పట్టాడు. ఇంకోటి పట్టాడు. రెండూ కలిపి ముప్ఫై గజాలు, అయిదు పాయింట్లు. ఆ తర్వాత పది గజాలకు ఇంకొకటి, మొత్తం ఏడు. హాల్వర్సన్ పన్నెండు దగ్గర ఆగిపోయాడు. "అరె, అతన్ని పెట్టినా ఒక్క పాయింటుతో ఓడేదిగా!" అని ఎమిల్ నోరు తెరిచాడు.

ఇంకా నలభై సెకన్లుంది. బంతి ఎత్తుగా లేచింది. బ్రేషర్ అడ్డొచ్చినవాణ్ణి మూడడుగులు వెనక వదిలేసి దూసుకుపోయాడు. బంతి అరచేతుల్లో ఎగిరింది, గుండెకు తగిలింది, మళ్ళీ ఎగిరింది. "పట్టరా నీకు పుణ్యముంటుంది!" అని అరిచాను. పట్టాడు, గీత అవతల పడ్డాడు. రిఫరీ ఆట ఆపి, నిజంగా పట్టాడా లేదా అని తెరలో మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. రెండు నిమిషాలు. బారులో ఒక్కరు కూర్చుంటే ఒట్టు, ఓర్విల్ తప్ప.

రిఫరీ రెండు చేతులూ పైకెత్తాడు. ఇరవై గజాలు, గీత దాటినందుకు ఆరు. మొత్తం పదహారు. ఆర్డిస్ మూడు పాయింట్లతో గెలిచింది. ఎమిల్ ఆమెను ఎత్తి గిరగిరా తిప్పేశాడు. ఓర్విల్ మాత్రం నోట్‌బుక్ మూసి, లేచి, తన కుర్చీని బుద్ధిగా బల్ల కిందికి నెట్టాడు. కోటు కోసం తలుపు వైపు నడిచాడు.

"ఆర్డిస్, అతను నిజమే చెబుతాడని నీకెలా తెలుసు?" అన్నాను.

"ముప్ఫై ఏళ్ళు లైల్ చీజ్‌కు గ్రేడు వేసింది అతనే. 'మాగింది' అన్నది రెండే సార్లు. రెండుసార్లూ రాష్ట్రంలో మొదటి బహుమతి."

"మరి మిగతా రోజులన్నీ ఇంకా మాగాలనేవాడా?"

ఆర్డిస్ నవ్వింది. "పిచ్చిదానా, ఇంకా మాగాలంటే పారెయ్యమని! రెక్కలు ముక్కలు చేసుకున్నవాడి మొహాన, నీ సరుకు చెత్త అనడం అతనికి చేతకాదు, జట్టులోంచి ఎవర్నీ గెంటెయ్యడం చేతకానట్టే. మొదట్లో లైల్‌కు అర్థంగాక ఒక దిమ్మ నిజంగానే ఏడాది మాగబెట్టాడు. కుక్క కూడా ముట్టలేదు."

బల్ల మీదున్న అతని నోట్‌బుక్ తీసి ఆఖరి పేజీ చదివి, తలుపు దగ్గరికి పరుగెత్తి అతని కోటు పట్టుకున్నాను. "ఎక్కడికి పోతున్నావయ్యా? బంతులు జారవిడిచింది వేలి కట్టు వల్లేనని, ఇవాళ బ్రేషర్ అది తీసేశాడని నీకెలా కనబడింది, అందరికంటే మూడడుగులు ముందుంటాడని ఇంకెవరికి కనబడింది, ఇవన్నీ నాకెవరు చెబుతారు?"

"కట్టు సంగతి నువ్వూ చూశావా?" అన్నాడు ఆశగా.

"లేదు. నీ నోట్‌బుక్‌లో ఇప్పుడే చూశాను. బల్ల మీదే మర్చిపోయావు." ఆ పుస్తకం అతని జేబులో కుక్కాను. "నీ కుర్చీ ఇప్పుడు నాది. నా కుర్చీ పక్కన ఇంకో స్టూలు వేస్తే కాదనే మగాడెవరో నేనూ చూస్తాను. నా రిసీవర్లకు గ్రేడు వెయ్యాల్సింది నువ్వే."

ఎవరూ కాదనలేదు. స్టూలు వేశాను. అతను కూర్చుని, కోటు మళ్ళీ విప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి, అది కనబడకుండా గొంతు పెంచాను.

"సరేగానీ ఓర్విల్, ముందు ఇది చెప్పు. జట్టు నడపడానికి నేను పనికొస్తానా?"

ఓర్విల్ నా వైపు వంగి వాసన చూశాడు. తల పక్కకు వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. బల్లంతా ఊపిరి బిగబట్టింది.

"నువ్వు ఇంకా మాగాలి, లవోన్," అన్నాడు ఎంతో ప్రేమగా.