తమ్ముడికి వేసిన టోపీ

క్లన్ లోయలో గుర్రం ఉన్న ఏ ఇంటికైనా నాడాలు వేసేది ప్రాబర్ట్ వాళ్ళే. ముసలాయన ఇద్రిస్ ప్రాబర్ట్ ఉన్నన్నాళ్ళూ ఆయన వేశాడు. తర్వాత కూతురు గేనార్, కొడుకు రాయ్‌స్టన్ ఒకే వ్యాను, ఒకే కొలిమి పెట్టుకుని ఆ పనిలోనే ఉండిపోయారు. ఇద్రిస్ ఆఖరి రోజుల్లో రెండు తుంటి కీళ్ళూ అరిగిపోయి, బోర్లించిన బకెట్ మీద కూచుని పిల్లల మీద అరవడం తప్ప ఇంకేం చేయలేకపోయేవాడు. ఆయన పోయాక కొలిమితో పాటు ఆ తుంటి జబ్బు కూడా ఇద్దరికీ ఆస్తిలాగే దక్కింది.

నాకు రెండు బరువు గుర్రాలున్నాయి. ట్రాక్టర్ దిగలేని అడవి వాలుల్లోంచి అవి దుంగలు లాగుతాయి. వాటి కాళ్ళు చూసేది గేనారే. ఇద్రిస్ నా స్నేహితుడు కాబట్టి ఆమె నన్ను బాబాయ్ అంటుంది. యాభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు, పొట్టిగా గట్టిగా ఉంటుంది. నొప్పి అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. రాయ్‌స్టన్ దానికి పూర్తిగా వ్యతిరేకం. వాడి వేలికి ముల్లు గుచ్చుకుంటే లోయంతటికీ తెలియాల్సిందే.

అందుకే తుంటి నొప్పి మొదలవగానే వాడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మిస్టర్ ట్రెంచర్డ్ అనే సర్జన్ వాడికి రీసర్ఫేసింగ్ చేశాడు. తొడ ఎముక పైనుండే బంతిని కోసి పారెయ్యకుండా, పైపైన చెక్కి దానికి లోహపు టోపీ తొడగడం, తుంటిలో ఆ టోపీ తిరిగేందుకు ఒక లోహపు గిన్నె కూర్చడం. అంతే. ఆకులు రాలే కాలానికల్లా రాయ్‌స్టన్ మళ్ళీ గుర్రాల కింద దూరాడు. పొలం గేట్లు తెరిచి వెళ్ళడం మానేసి పైనుంచి దూకడం మొదలుపెట్టాడు. పబ్బులో ఎవరు కనబడినా ఆ కథే.

"డాక్టర్లు నీకు టోపీ వేశార్రా!" అని అందరూ ఏడిపించేవారు.

"వేస్తే వేశారు, బంగారం లాంటి టోపీ వేశారు," అని వాడు తొడ చరుచుకునేవాడు.

గేనార్ నవ్వి ఊరుకునేది. ఆమె తుంటి అప్పటికే తమ్ముడి తుంటి కన్నా పాడైందని మాకెవరికీ తెలియదు. సామాన్ల పెట్టె ఎప్పుడూ ఒకే చేత్తో మోస్తుందేమిటా అని నేను అనుకున్నాను గానీ, కుంటు కనబడకుండా అలా మోస్తోందని తట్టలేదు. తమ్ముడు అలా తిరుగుతుంటే చూసి ఆమె లోలోపల ధైర్యం తెచ్చుకుంది. ఇంకొన్నాళ్ళు బిగబట్టుకుంటే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తనకూ ఆ దారి ఉందనుకుంది.

ఒక వాన రోజు మా పెరట్లో ఆ బిగింపు సడలిపోయింది. గేనార్ నా ఆడ గుర్రం సెరెన్ ముందు కాలిని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నాడా బిగించింది. పని అయ్యాక కాలు వదిలింది గానీ, నడుం లేవలేదు. అలాగే వంగి గుర్రం భుజానికి తల ఆనించి నిలబడిపోయింది.

"బాబాయ్, దాన్ని కదలనీకు."

"ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. కాసేపు ఇలాగే ఉంటాను. అవతలికి చూడు."

నేను పగ్గం పట్టుకుని అవతలికి చూశాను. వాన మా ముగ్గురి మీదా పడుతూనే ఉంది. ఇద్రిస్ నోట కూడా వినని బూతులు ఆ రోజు ఆమె నోట విన్నాను.

ఆ తర్వాత డాక్టరు, ఎక్స్‌రే, ఎదురుచూపు. వసంతం వచ్చాక ట్రెంచర్డ్ దగ్గరికి పిలుపొచ్చింది. అప్పటికి ఆమెకు వ్యాను నడపడం కూడా కష్టమైంది కాబట్టి నేనే తీసుకెళ్ళాను. గదిలోకి కూడా రమ్మంది.

"నాకూ మా తమ్ముడికి వేసిందే వేసేయండి," అంది కూచోకముందే.

ఆయన ఎక్స్‌రే వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "మీకు అది చెయ్యను, మిస్ ప్రాబర్ట్."

"ఎందుకు చెయ్యరు? ఒకే అమ్మ, ఒకే నాన్న, ఒకే పని. జబ్బూ ఒకటే."

"ఎముక కొలత ఒకటి కాదు. మీ బంతి చిన్నది, ఆడవాళ్ళలో చాలామందికి అంతే. టోపీ చిన్నదైతే, లోహం మీద లోహం రాసుకుని ఎక్కువ అరుగుతుంది. ఆ పొడి చుట్టూ ఉన్న కండలోకి, రక్తంలోకి పోతుంది. అలా పాడైన తుంటులు మళ్ళీ తెరిచినవాణ్ణి నేను. లోపల ఏముంటుందో మీకు చెప్పను. ఆ చిన్న కొలతలు ఇప్పుడు తయారు కూడా చెయ్యటం లేదు."

"పిల్ల గుర్రానికి నేను పిల్ల నాడా చేస్తాను. మీవాళ్ళకి చేతకాదా?"

"చెయ్యగలరు. కానీ మీ నాడా అరిగితే ఆ ఇనుము రోడ్డు మీద పడుతుంది. ఇది అరిగితే మీ లోపలే పడుతుంది."

ఆ మాట గేనార్‌ను ఇంకా ఎక్కువ మండించిందని పక్కన కూచున్న నాకు తెలిసింది. ఆయన రెండో పద్ధతి చెప్పాడు. బంతినీ దాని మెడనీ కోసి తీసేసి, తొడ ఎముక బోలులోకి ఒక కాడ దించి, పైన పింగాణీ బంతి పెడతారు. గిన్నెలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. పూర్తి కీలు మార్పిడి. చక్కగా నడవచ్చు, హాయిగా నిద్రపోవచ్చు, ఎక్కువమందికి ఇరవయ్యేళ్ళు దాటి పనిచేస్తుంది అన్నాడు.

"గుర్రం కింద వంగొచ్చా?"

ఆయన కలం మూత పెట్టి పక్కన ఉంచాడు. "కొన్ని రకాలుగా వంగితే బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. ఆ పని మానేస్తే మంచిదని నా సలహా."

"మా తమ్ముణ్ణి మానెయ్యమన్నారా?"

"లేదు."

తిరుగుదారిలో క్రేవెన్ ఆర్మ్స్ ఊరు దాటాక, "వాడికెప్పుడూ ఇంతే బాబాయ్. సైకిల్ కూడా ముందు వాడికే కొన్నారు," అంది.

ఇంకో వారం తిరక్కుండానే రాయ్‌స్టన్ నాకు ఫోన్ చేశాడు. "హ్యూ బాబాయ్, ఇకనుంచి సెరెన్‌నీ దాని జోడునీ నేనే చూస్తాను. అక్క చూసే ఎస్టేట్ గుర్రాలూ నేనే. అందరికీ చెప్పేశాను. అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకు, బాధపడుతుంది."

నాకది నచ్చలేదు. ఫోన్ పెట్టేసి తిన్నగా వాళ్ళ కొలిమికి వెళ్ళి, వాడి ముందే ఆమెకు చెప్పాను.

గేనార్ చేతిలో సుత్తి దాకలి మీద పెట్టింది. "ఎవర్నడిగి నా గుర్రాలు తీసుకున్నావురా?"

"నీ మంచికే కదక్కా..."

"నా మంచి నీకెవరు అప్పజెప్పారు?"

"నువ్వు నడవలేకపోతున్నావే! కళ్ళారా చూస్తూ ఊరుకోమంటావా? రేపు ఆ సెరెన్ మీద పడితే?"

"నువ్వు కుంటుతూ మూలుగుతూ పడుకున్నప్పుడు నీ గుర్రాలన్నీ ఎవరు చూశారు? ఒక్కటైనా నాది అన్నానా? నీకు డాక్టరు టోపీ వేశాడు. నాకు నువ్వు వేస్తున్నావు."

రాయ్‌స్టన్ మొహం ఎర్రబడింది. వాడు చెడ్డవాడు కాదు, అక్కంటే ప్రాణం. కానీ వాడికి బాగైన దగ్గర్నుంచి, అందరికీ దారి చూపించే హక్కు వచ్చిందన్నట్టు తిరుగుతున్నాడు. "సరే, నీ గుర్రాలు నువ్వే చూసుకో. పడు. నాకేం," అని బయటికి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఒకే వ్యానులో పక్కపక్కన కూచుని కూడా వాళ్ళు మాట్లాడుకోలేదు.

గేనార్ ఇంకో అభిప్రాయం కావాలని పట్టుబట్టింది. బర్మింగ్‌హామ్‌లో మిస్ అడెయెమి అనే ఆడ సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మాట నెమ్మది. ట్రెంచర్డ్ చెప్పింది తప్పు కాదంటూనే, ఇప్పుడు లోహానికి బదులు పింగాణీ టోపీలు పరీక్షిస్తున్నారని, ఆడవాళ్ళకి కూడా వేసి చూస్తున్నారని చెప్పింది. "అందరికీ కుదరదు. ముందు స్కాన్ తీసి ఎముక ఎలా ఉందో చూడాలి. ఆశ పెట్టుకోవద్దు," అంది.

ఆశ పెట్టుకోవద్దని ఎవరైనా అంటే ఆశ ఆగుతుందా? ఇంటికొచ్చే దారంతా గేనార్ ఈల వేస్తూనే ఉంది. స్కాన్ కోసం ఎదురుచూసిన వారాల్లో మునుపటిలా జోకులు వేసింది. తమ్ముడితో మాట్లాడింది కూడా. "చూడు, నీది ఇనుప టోపీ, నాది పింగాణీ. టీ కప్పు జాతి," అంది.

స్కాన్ వచ్చాక మిస్ అడెయెమి తెర మీద చూపించింది. బంతిలో అక్కడక్కడ నల్లటి గుంటలు. ఎముక లోపల గుల్లబారింది. "పుచ్చిపోయిన పన్ను మీద తొడుగు వేస్తే నిలవదు కదా. ఇది అంతే. టోపీ పట్టుకోవడానికి గట్టి ఎముక మిగల్లేదు. పూర్తి మార్పిడే మీకు మంచిది."

గేనార్ ఆ గుంటలకేసి చూసింది. "రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే?"

"చెప్పలేను." ఆవిడ ఆగి, నిజమే చెప్పింది. "కుదిరేదేమో."

కార్ పార్కులో గేనార్ తలుపు తెరిచింది గానీ ఎక్కలేదు. "మా నాన్న ఎప్పుడూ ఏమనేవాడు బాబాయ్? రాయ్ ఏడుపుగొట్టు, గేనార్ ఉక్కు పిల్ల. ఏడుపుగొట్టుకి తుంటి దక్కింది. ఉక్కు పిల్లకి గుల్ల మిగిలింది." తలుపు ధడాలున వేసింది, మళ్ళీ తెరిచి ఎక్కింది. నేనేదో ఓదార్చబోతే, "ఇప్పుడు మాత్రం ఒక్క మాటన్నా దిగి నడిచి వెళ్తాను," అంది. ఆమె అన్నంత పనీ చేస్తుందని నేను కారు తీశాను.

ఆపరేషన్ ట్రెంచర్డే చేశాడు, చక్కగా చేశాడు. మర్నాడే నిలబెట్టారు. ఎన్నాళ్ళుగానో తినేస్తున్న నొప్పి ఒక్కసారిగా మాయమైంది. అదీ ఆమెకు కోపమే.

"ఇంత బాగుంటుందని ముందే ఎవరూ చెప్పలేదేం?"

"అందరూ చెప్పారు," అన్నాను.

"చెప్పినట్టు చెప్పలేదు."

బాగానే నడుస్తోంది, రాత్రుళ్ళు నిద్ర పడుతోంది. కానీ కొలిమి దగ్గర కుర్చీలో కూచుని, పని మీద వెళ్ళే తమ్ముడి వ్యానును చూస్తున్నప్పుడు ఆమె మొహం ఇద్రిస్ మొహంలాగే ఉండేది. వ్యాయామం నేర్పే ఫిజియో, కాలమ్ అనే కుర్రాడికి ఆమెతో వేగడం పెద్ద పరీక్ష. ఒకరోజు అతను వద్దన్నా వినకుండా ఆమె స్టూలు కాలు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ముందు గిట్టని ఎలా పట్టుకుంటుందో చూపించింది. అతను బెదిరిపోయి పరుగెత్తుకొచ్చాడు.

"వద్దు వద్దు! మోకాళ్ళు దగ్గరికి, పాదాలు లోపలికి, పైగా అంత వంగడం. బంతి జారడానికి ఇంతకన్నా మంచి దారి లేదు!"

"మరి వెనక కాలైతే?" అని స్టూలుని తొడల మీద అడ్డంగా వేసుకుంది. మోకాళ్ళు ఎడంగా, తుంటి తెరుచుకుని ఉంది.

కాలమ్ చుట్టూ తిరిగి చూశాడు. "ఇది... అంత చెడ్డగా లేదు. కానీ ఇంకా చాలా నెలలు ఆగాలి. గిట్ట బరువు మీ మీద కాక స్టాండ్ మీద ఉండాలి. ముందు సర్జన్ని అడగండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

ఆమె వెళ్ళి కాలమ్ చెప్పాడనే చెప్పింది. ట్రెంచర్డ్ నిట్టూర్చాడు. "చెయ్యమని నేననను, మిస్ ప్రాబర్ట్. తన్నే జంతువు వెనక నిలబడమని ఏ డాక్టరూ చెప్పడు. కానీ మీరు చేస్తారు. చేస్తే మాత్రం ఈ కాలు మీద మెలి తిరగకండి."

మరుసటి వసంతంలో అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి మా పెరట్లోకి వచ్చారు. దారిలోనే పోట్లాట మొదలైనట్టుంది, దిగుతూ కూడా ఆపలేదు.

"ముందు కాళ్ళు నువ్వు, వెనక కాళ్ళు నేను. అంతే," అంది గేనార్.

"మతి పోయిందా అక్కా? తన్నే వైపు నీకా? ఒక్క తన్ను చాలు, ఆ పింగాణీ కాస్తా..."

"సెరెన్ నన్ను తన్నదు. నిన్నైతే తన్నుతుంది, నాక్కూడా ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. జరుగు."

వాడు నావైపు చూశాడు. నేను పగ్గం వైపు చూశాను. గేనార్ గుర్రం వీపు మీద చెయ్యి వేసి, నెమ్మదిగా తోక దాకా నడిచి వెనక కాలు అడిగింది. సెరెన్ ఇచ్చింది. గిట్టని స్టాండ్ మీదికి దించి, మోకాళ్ళు ఎడంగా పెట్టి పాత నాడా ఊడదీసింది. మునుపు పాట పాడుతూ చేసేసే పని. ఇప్పుడు అడుగు మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఆగి, తనకు తాను చెప్పుకుని మరీ మారుస్తోంది. ఒకసారి గుర్రం బరువు ఆమె వైపు మోపితే రాయ్‌స్టన్ సుత్తి పారేసి వచ్చాడు. "నీ కాళ్ళు నువ్వు చూసుకోరా!" అని కసిరింది. వాడు మళ్ళీ ముందుకు పోయాడు గానీ, మేకు కొడుతూ కొడుతూ తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

పని ముగిసేసరికి మునుపటి కన్నా రెట్టింపు సమయం పట్టింది. ఒక గుర్రానికి ఇద్దరు మనుషులంటే, రోజుకి చూసే గుర్రాలు సగమైపోతాయి. కొందరు ఇళ్ళవాళ్ళు అప్పటికే వేరేవాళ్ళని పిలుచుకుంటున్నారు. గేనార్ గోడకు ఆనుకుని, కాలు చాపుకుని టీ తాగింది. నొప్పి లేదంది. ఆమె మాట నేనిప్పుడు అంత తేలిగ్గా నమ్మను గానీ, ఆ రోజు మొహం చూస్తే నిజమే అనిపించింది.

రాయ్‌స్టన్ సామాన్లు వ్యానులో సర్దుతూ మంచి చేసుకోబోయాడు. "రెండు కాళ్ళు నీవి, రెండు నావి. లెక్క సరిపోయింది కదక్కా?"

"సరిపోలేదు," అంది గేనార్. "నాకు నాలుగూ కావాలి."

ఆమె కప్పు నా చేతికిచ్చి వెళ్ళి, వాడి చేతిలోంచి తాళాలు లాక్కుని, వ్యాను నడిపే సీట్లో కూచుంది.