రద్దీ మంచిగ పెట్టు అన్నది జైనబ్ ఆపా

మొన్న కోరుట్లలో మా ఇంటికి పార్శిల్ వచ్చింది. మనవరాలు టేపు పట్టి లాగితే చర్రుమంది. మోకాలెత్తు డబ్బా, దాని నిండా ప్లాస్టిక్ బుడగలు, అడుగున అగ్గిపెట్టెంత వస్తువు. ఆ చర్రుమన్న చప్పుడుకే నా ముక్కుకు మామిడి సొన వాసన తగిలింది. జగిత్యాల షెడ్డూ, జైనబ్ ఆపా గుర్తొచ్చారు.

ఆ షెడ్డుకు నేను మేనేజరునని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి సిరిసిల్లలో మరమగ్గం పని మానేశాక, అరవై దాటిన వయసులో, అక్కడ మామిడిపండ్లు డబ్బాల్లో సర్దే పనికి కుదిరాను. యజమాని జైనబ్ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. అయినా అందరిలాగే ఆపా, అంటే అక్కా, అనేవాణ్ణి. ఆమె నన్ను చాచా అనేది. కిరాణా కొట్ల పాత అట్టపెట్టెలు తెచ్చి, విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ అతికించేది. సిరిసిల్ల మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డ పేలికలు తెప్పించి ఒక్కో పండుకూ చుట్టించేది. పండ్ల సందుల్లో నలిపిన పాత పేపరు. ఎనిమిది మంది ఆడవాళ్లు ఆ చుట్టే పని మీదే బతికేవారు. పేలికల ఆలోచన నాదేనని కూడా చెప్పుకునేవాణ్ణి. కాదు. నేను చెప్పింది ఏ వీధిలో దొరుకుతాయో, అంతే.

ఒక ఎండాకాలం, పండ్లు కొనే సేటు షెడ్డులోకి వచ్చి పేలికను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంది ఆపా, పండ్లు అమ్ముతున్నవా, చింకిపాతలు అమ్ముతున్నవా? వచ్చే వారం సంది ప్లాస్టిక్ వలలు నేనే పంపిస్త. గీ చుట్టేటోళ్లు ఇగ అక్కర్లే."

ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"పది డబ్బలు కడ్త సేటు," అంది ఆపా. "వ్యాన్ల గుంతల రోడ్డు మీద వెల్గటూర్ దాంక పోయి రానియ్. నీ ముంగట్నే విప్పుత. ఒక్క పండు కమిలినా నువ్వన్నట్లే."

డబ్బాలు కడుతుంటే నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "చాచా, రద్దీ మంచిగ పెట్టు."

ఆపా ఇంట్లో ఉర్దూ. ఉర్దూలో రద్దీ అంటే చిత్తుకాగితం. తెలుగులో రద్దీ అంటే కిక్కిరిసిన జనం. నేను నా వంతు డబ్బాలో పండ్ల రద్దీ పెట్టాను, పన్నెండు పట్టేచోట పదిహేను.

మధ్యాహ్నం వ్యాన్ తిరిగొచ్చింది. ఆపా సేటు ముందే ఒక్కో డబ్బా విప్పింది. తొమ్మిది బాగున్నాయి. పదోది నేను కట్టింది. దాంట్లో పేలిక పండు రసంతో తడిసి ఉంది.

"ఇగ చాలు," అన్నాడు సేటు.

ఆపా పండ్లు లెక్కపెట్టింది. నా వైపు చూడలేదు. "పన్నెండు పట్టేదాంట్ల పదిహేను కుక్కినం. గుడ్డ తప్పు కాదు సేటు, చేతి తప్పు. నా చెయ్యే అనుకో. ఇంకొక్కపారి కడ్త. నమ్మకం లేకుంటే నువ్వే డబ్బ పక్కన కూసోని పోయిరా."

నిజంగానే కూర్చుని పోయాడు. ఆ రెండు గంటలు ఎనిమిది మందీ నీళ్లు కూడా ముట్టలేదు. తిరిగొచ్చి తనే డబ్బా విప్పి, పన్నెండు పండ్లనూ తిప్పి తిప్పి చూశాడు. "నా నడుమే కమిలింది గని, పండ్లు మంచిగున్నయ్," అన్నాడు. వలలు రాలేదు.

ఇన్నేళ్లూ ఈ కథను మాట తేడాతో జరిగిన పొరపాటుగానే చెప్పి నవ్వించాను. అబద్ధం. రద్దీ అంటే ఏమిటో నాకు తెలియకపోవడమేమిటి? నా బతుకంతా పాత పేపర్లు రద్దీ వాడికే అమ్మాను. ఆడవాళ్లు నన్ను నిదానం అంటున్నారని, అందరికంటే ముందు డబ్బా ముగించి చూపించాలనుకున్నాను. పేపరు నలుపుతూ కూర్చుంటే ఆలస్యమవుతుంది కదా.

ఆ సాయంత్రం ఆపాకూ అదే చెప్పాను: "రద్దీ అంటే పండ్లు కుక్కుడనుకున్న ఆపా."

"గట్లైతే పేపర్ల కట్ట కనవడకుంట దాని మీద కూసున్నవెందుకు చాచా?" అంది. నవ్వలేదు, తిట్టలేదు. "రేపు జల్ది రా. పేపరు ఎట్ల నలపాల్నో చూపిస్త."

మర్నాడు అందరికంటే ముందు వెళ్లాను. ఇది మాత్రం నిజం.

ఆపా ఇప్పుడు లేదు. మొన్న మనవరాలు పారేయబోయిన డబ్బాను తీసుకుని, విప్పి, తిప్పి అతికించాను. "గిండ్ల ఏం పెడ్తవు తాతా?" అని అడిగింది. ఇంకా తెలియదన్నాను. ఆ పని చేసినంతసేపూ నేల మీదే కూర్చున్నాను. పక్కనే పాత పేపర్ల కట్ట ఉంది, పీట ఎత్తున. దాని మీద కూర్చోవడం నా వల్ల కాదు.